‘స్వచ్ఛందం’ అను మాట

ఓరుగల్లులో 1934లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో వెలసిన ఆజంజాహి మిల్లు ఆ సీమ పత్తిని నూలుగా వడికి బట్టగా నేసింది. నష్టాల మిల్లులను జాతీయం చేసిన 1974 నాటి చట్టంతో అది జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. జాతీయమన్న మాటలో కార్మికుడు భద్రతను చూచుకొన్నాడు. 2002లో మిల్లు మూతపడింది. కార్మికులకు దక్కినది ‘స్వచ్ఛంద’ పదవీ విరమణ.

నష్టాల మిల్లును ప్రజాధనంతో ఎన్నాళ్ళు సాకగలమని ఏలికలు అడుగవచ్చును. ఆ ప్రశ్న సబబైనదే. కాని యంత్రాలను ఎప్పుడు మార్చవలెనో, ఏ బట్ట నేయవలెనో, దానిని ఎక్కడ అమ్మవలెనో నిర్ణయించినది మగ్గం ముందు నిలిచిన మనిషి కాదు. నిర్ణయం ఒకరిది, శిక్ష మరొకరిది కావడం ఏ న్యాయం? మూతపడనున్న మిల్లులో మిగులుట, ఇచ్చిన సొమ్ము పుచ్చుకొని వెళ్ళుట అను రెండు దారులూ ఒకే గేటు దాటించునప్పుడు అది ఎంపిక కానేరదు.

2017లో ఓరుగల్లు చెంత కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. కొత్త గోడలతోపాటు కొత్త కట్టుబాటు కూడా లేవవలెను: విధానం మారకముందే కార్మికుని మాట వినవలెను. బడిలో ‘స్వచ్ఛందం’ అను పదానికి అర్థం చెప్పు ఉపాధ్యాయుడు ‘తన యిష్టంతో’ అని ఊరకొనరాదు. కాదనుటకు వీలున్నప్పుడే అది యిష్టమని చేర్చవలెను.