సెల్లారులో పీల్చేదీ గాలేగా!

కొత్త ఫ్లాటు చూడ్డానికి వెళ్తే బిల్డరు ముందుగా చూపించేది సర్టిఫికెట్టు. 'మాది గ్రీన్ బిల్డింగండీ, లోపల గాలి చాలా శుభ్రం' అంటాడు. కావచ్చు. హైదరాబాద్‌లోని సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2003లోనే లీడ్ ప్లాటినం గుర్తింపు వచ్చింది. అమెరికా బయట అలాంటి భవనం అదే మొదటిది. ఆ లీడ్ నిబంధనల్లో పట్టింపు ఎక్కువే. గుమ్మానికి 25 అడుగుల లోపు సిగరెట్టు కాల్చకూడదు!

మరి అదే గుమ్మం కింద, పొద్దున్నే పాతిక కార్లు స్టార్టయ్యే సెల్లారు సంగతి?

దాన్నీ మరిచిపోలేదు. 2009 నాటి లీడ్ నిబంధనల ప్రకారం, గ్యారేజీ గాలిని చదరపు అడుగుకి నిమిషానికి కనీసం అర ఘనపుటడుగు చొప్పున బయటికి తోడెయ్యాలి. పది అడుగుల ఎత్తున్న సెల్లారైతే గంటకు మూడుసార్లు గాలి మారినట్టు. లోపలికొచ్చే తలుపు దానంతటదే మూసుకోవాలి. ఇదంతా పొగ పైఅంతస్తులకు ఎక్కకుండా. కారు పెట్టేసి వెళ్లిపోయేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

కానీ మన సెల్లారులో కాపురాలుంటాయి. వాచ్‌మన్ భార్య వంట అక్కడే, పిల్లల హోంవర్కు కార్ల మధ్యే. ఇస్త్రీ బల్ల, డ్రైవర్ల కునుకు... వానొస్తే మన పిల్లల క్రికెట్టూ అక్కడే.

కారు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం వస్తే నిద్ర చాల్లేదనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గంటసేపు పీల్చేవారికి ఘనపు మీటరు గాలిలో 35 మిల్లీగ్రాములు పరిమితి. రోజంతా పీల్చేవారికి, 2021 మార్గదర్శకాల ప్రకారం, 4 మాత్రమే. మనం ఏ లెక్కలోకి వస్తామో, వాచ్‌మన్ పిల్లలు ఏ లెక్కలోకి వస్తారో చూడండి.

ఇంకో సంగతి. పెట్రోలు కారు పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితే గానీ సరిగా పనిచెయ్యదు. అంటే ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ వేసి, 'బ్యాగు తెచ్చావా, బాటిల్ తెచ్చావా' అని కేకలేసే ఆ కాసేపే ఎక్కువ విషం. అందరూ ఎక్కాకే తాళం తిప్పితే పోలా! జనరేటర్ సెల్లారులో ఉంటే దాని పొగగొట్టం భవనం పైదాకా వెళ్లిందో లేదో కూడా చూసుకోవాలి. ఎలక్ట్రిక్ కార్లతో ఈ పొగ బెడద తగ్గుతుంది గానీ, పాతవన్నీ పోవడానికి ఏళ్లు పడుతుంది.

చాలాచోట్ల ఫ్యాన్లు ఉన్నా కరెంటు బిల్లుకి భయపడి ఆపేస్తారు. కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్ బిగిస్తే గాలి చెడినప్పుడే ఫ్యాను తిరుగుతుంది. వెంటిలేటర్లకు అడ్డంగా పెట్టిన పాత పరుపులు తీయించడానికైతే పైసా ఖర్చు లేదు. వచ్చే అసోసియేషన్ మీటింగులో గేటు రంగు చర్చ అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి... వాచ్‌మన్ గది కిటికీ వీధి వైపు తెరుచుకుంటుందా, కార్ల వైపా?