కుక్క గిన్నెలో ఇథాక్సీక్విన్

2012లో జపాన్ మన రొయ్యల మీద పరీక్షలు బిగించినప్పుడు భీమవరం చుట్టుపక్కల చెరువుగట్ల మీద ఒక కొత్త పేరు వినబడింది. ఇథాక్సీక్విన్. రొయ్యల మేతలో వాడే చేపల పొడి పాడవకుండా కలిపే రసాయనం అది. మేతలోంచి రొయ్య ఒంట్లోకి చేరిన అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నది అప్పటి జపాన్ నిబంధన. 2014లో ఆ హద్దును 0.2కి పెంచారు. ఈలోగా రైతులు, ఎగుమతిదారులు పడాల్సిన ఇబ్బంది పడ్డారు, మేత కంపెనీలు దారికొచ్చాయి. కొనేవాడు గట్టిగా అడిగితే ఏం జరుగుతుందో కోస్తా జిల్లాలు కళ్లారా చూశాయి.

అదే రసాయనం కుక్కల ఆహారంలోనూ ఉండవచ్చు. ఇక్కడ మాత్రం అడిగే నాథుడు లేడు.

ఇథాక్సీక్విన్ పుట్టుక వంటింట్లో కాదు. 1950లలో అమెరికా కంపెనీ మోన్‌శాంటో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. రబ్బరు పగుళ్లు తేలకుండా వాడారు, కోసిన పియర్ పండ్ల తొక్క నల్లబడకుండా పూశారు. పశువుల మేతలోకి, కుక్కల ఆహారంలోకి వచ్చిందీ ఆ గుణం వల్లే. గాలి తగిలితే కొవ్వు చెడుతుంది, దాన్ని ఇది ఆపుతుంది. ప్యాకెట్లలో వచ్చే ఎండు గుళికలకు రుచి కోసం పైన కొవ్వు పూస్తారు కాబట్టి ఏదో ఒక రక్షణ లేకపోతే అవి నెలల తరబడి నిలవవు. చేపల పొడి విషయం ఇంకా తీవ్రం. ఓడలో కుప్పగా పోసిన పొడి తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే దానికి ఆక్సీకరణను ఆపే మందు కలపాలని సముద్ర రవాణా నిబంధనలే చెబుతాయి. దశాబ్దాలుగా అందుకు ఎక్కువగా వాడింది ఇథాక్సీక్వినే.

మోసపోయే చోటు ఇదే. ఆహారం తయారుచేసే కంపెనీ ఆ రసాయనాన్ని స్వయంగా కలిపితే లేబుల్ మీద రాస్తుంది. అప్పటికే మందు కలిసిన చేపల పొడిని కొని వాడితే ‘చేపల పొడి’ అని మాత్రమే రాసి ఊరుకోవచ్చు. ప్యాకెట్ మీది చిన్న అక్షరాలన్నీ ఓపికగా చదివిన యజమానికి కూడా అందులో ఏముందో తెలిసే దారి ఉండదు.

ఇంతకీ ఇది నిజంగా హాని చేస్తుందా? అమెరికాలో ఎందరో యజమానులు తమ కుక్కలకు వచ్చిన చర్మరోగాలకు, గర్భస్రావాలకు, కేన్సర్లకు దీన్నే కారణంగా చూపుతూ అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఫిర్యాదు చేశారు. ఆ రోగాలన్నిటికీ ఇదే కారణమని రుజువు కాలేదు. అయితే తయారీదారే చేయించిన అధ్యయనంలో ఒక విషయం బయటపడింది. కుక్కల కాలేయంలో ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణద్రవ్యం పేరుకుంది, కాలేయ ఎంజైములు పెరిగాయి, మోతాదు పెరిగేకొద్దీ ఆ మార్పులూ పెరిగాయి. దాంతో 1997లో ఎఫ్‌డీఏ కుక్కల ఆహారంలో పరిమితిని 150 పీపీఎం నుంచి, అంటే కిలోకు 150 మిల్లీగ్రాముల నుంచి, 75కి తగ్గించమని కంపెనీలను కోరింది. కోరిందంతే. చట్టంలో మాత్రం 150 అలాగే ఉండిపోయింది.

ఈ 75 అంకెను కాస్త తరచి చూడాలి. మనిషి శరీరంలోకి ఈ రసాయనం రోజూ ఎంతవరకు చేరితే ఫరవాలేదో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ నిపుణుల సంయుక్త సమావేశం నిర్ణయించింది. కిలో బరువుకు 0.005 మిల్లీగ్రాములు. ఆ హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. కుక్కల మీద తరాల వెంట సాగిన అధ్యయనం నుంచే వచ్చింది. కిలో బరువుకు రోజుకు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు వాటి కాలేయం దెబ్బతిన్న లక్షణాలు కనబడ్డాయి. దాన్ని 500తో భాగించి మనిషికి గీత గీశారు. మరి కుక్కకు? 30 కిలోల లాబ్రడార్ రోజుకు 300 గ్రాముల ఆహారం తింటుందనుకుందాం. అందులో ఇథాక్సీక్విన్ 75 పీపీఎం ఉంటే రోజుకు 22.5 మిల్లీగ్రాములు, కిలో బరువుకు 0.75. హాని కనబడిన మోతాదుకు, దీనికి మధ్య ఉన్న తేడా మూడు రెట్లకు కాస్త ఎక్కువ. పాలిచ్చే తల్లి మామూలు కంటే రెండు మూడు రెట్లు తింటుంది. మూడు రెట్లు తిన్ననాడు 2.25కి చేరుతుంది. 150 పీపీఎం ఉన్న ఆహారమైతే అప్పటికే హాని కనబడిన ఆ మోతాదు దాటిపోతుంది. ఏ జీవి మీద ప్రయోగం చేసి మనం మన భద్రత చూసుకున్నామో, ఆ జీవికే అతి తక్కువ రక్షణ మిగిల్చాం.

మనిషి ఒక పూట ఇడ్లీ, ఒక పూట పప్పన్నం తింటాడు. ప్యాకెట్ ఆహారం మీద బతికే కుక్క పదేళ్లు, పన్నెండేళ్లు అదే సంచీలోంచి తింటుంది. పరిమితి పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

ఐరోపా ఈ లెక్కను వేరే వైపు నుంచి చూసింది. అక్కడి ఆహార భద్రతా సంస్థ 2015లో, ఇది సురక్షితమని తేల్చడానికి ఆధారాలు చాలవని చెప్పింది. తయారీలో మిగిలిపోయే పి-ఫెనెటిడిన్ అనే మలినం జన్యువులను దెబ్బతీయవచ్చన్న అనుమానమూ వ్యక్తం చేసింది. 2017లో అనుమతిని నిలిపేశారు, 2022లో పూర్తిగా నిరాకరించారు. రుజువు లేకుండా నిషేధించారని వ్యాపారులు అనవచ్చు. సురక్షితమని చూపాల్సిన బాధ్యత అమ్మేవాడిదే, అరవై ఏళ్లు అమ్మి కూడా చూపలేకపోతే తప్పుకోవాల్సిందీ వాడే. ఐరోపా నిర్ణయం సరైనదని నా అభిప్రాయం.

ఇలాంటిదే మరో నిల్వ మందు బీహెచ్ఏ విషయంలో ఇంత గట్టిగా చెప్పలేం. ఎలుకల ముందరి పొట్టలో అది కంతులు కలిగించింది, అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దాన్ని కేన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో పెట్టింది. అయితే ఆ ముందరి పొట్ట కుక్కకూ లేదు, మనిషికీ లేదు.

అలాగని ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అన్న అక్షరాలు చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవడానికి లేదు. విటమిన్ ఇ రూపమైన టోకోఫెరాల్స్‌తో కొవ్వును కాపాడవచ్చు, మంచి కంపెనీలు ఆ పనే చేస్తున్నాయి. కానీ వాటి బలం త్వరగా తగ్గుతుంది. మే నెల ఎండలో రేకుల షెడ్డులో మగ్గిన సంచీలో కొవ్వు గడువు కంటే ముందే చెడుతుంది. బూజు సంగతి మరోటి. కొవ్వును కాపాడే మందులు బూజును ఆపవు. 2020 చివరి నుంచి అమెరికాలో ఒక కంపెనీ ఆహారంలో అఫ్లటాక్సిన్ చేరి వందకు పైగా కుక్కలు చనిపోయినట్టు ఎఫ్‌డీఏకు నివేదికలు అందాయి. మొక్కజొన్నకు పట్టిన బూజు విషం అది. పోనీ పెరుగన్నంతో సరిపెడదామంటే ఎదిగే కుక్కపిల్లకు అందులో మాంసకృత్తులు చాలవు.

కాబట్టి కావలసింది భయం కాదు, చట్టం. మనకు అది లేదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ‘ఆహారం’ నిర్వచనంలోంచి పశువుల మేతను స్పష్టంగా తప్పించింది. కుక్కలు, పిల్లుల ఆహారానికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం, ఐఎస్ 11968, ఉంది కానీ దాన్ని పాటించడం కంపెనీ ఇష్టం. దిగుమతికి ఇచ్చే శానిటరీ పర్మిట్ ప్రధానంగా జంతువుల రోగాలు దేశంలోకి రాకుండా చూసేది. మన రొయ్యలను నిలదీసిన జపాన్, పెంపుడు జంతువుల ఆహారంలో మెలమైన్ అనే రసాయనం కల్తీ అయిన ఉదంతం తర్వాత పెంపుడు జంతువుల ఆహారానికి ప్రత్యేక చట్టం తెచ్చి 2009 నుంచి అమలు చేస్తోంది. కుక్కల ఆహారంలో ఇథాక్సీక్విన్ 75 పీపీఎం, బీహెచ్ఏ, దాని లాంటిదే అయిన బీహెచ్‌టీలతో కలిపి 150 పీపీఎం మించకూడదని అందులో ఉంది. ఆ 75 నా దృష్టిలో ఎక్కువే. అయినా అక్కడ ఒక గీత ఉంది, దాటితే అడిగేవాడున్నాడు.

మనకు పరీక్షించే శక్తి లేక కాదు. రొయ్యల ఎగుమతి కోసం కేంద్ర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా భీమవరంలో, నెల్లూరులో ల్యాబ్‌లు నడుపుతోంది. సిద్దిపేట జిల్లాలో అంతర్జాతీయ సంస్థ పెట్ ఫుడ్ కర్మాగారమే ఉంది. ఈ పరిశ్రమ ఇక్కడ పెరగాలని కోరుకునే ప్రభుత్వాలే నిబంధనల కోసం కేంద్రాన్ని అడగాలి. బీఐఎస్ ప్రమాణాన్ని తప్పనిసరి చేయాలి. ముడి సరుకుతో పాటు వచ్చిన నిల్వ మందును కూడా లేబుల్ మీద రాయించాలి. దుకాణాల్లోంచి నమూనాలు తీసి ఫలితాలు ప్రజల ముందు పెట్టాలి. ఇథాక్సీక్విన్‌ను ఐరోపాలాగే పూర్తిగా తొలగించాలి.

అప్పటిదాకా యజమానులు చేయగలిగిందీ ఉంది. తెరిచిన బస్తాలోంచి కిలోల లెక్కన తూచి ఇచ్చే విడి ఆహారం కొనకండి, దాని తయారీ తేదీ మీకు తెలియదు. నెలలో అయిపోయేంత ప్యాకెట్టే తెచ్చుకోండి. పాలిచ్చే కుక్క ఇంట్లో ఉంటే మరింత జాగ్రత్త పడండి. ప్యాకెట్ మీది చిరునామాకు ఒక్క ప్రశ్న రాసి పంపండి: మీరు కొనే చేపల పొడిలో ఇథాక్సీక్విన్ ఉందా? జవాబు రాకపోతే ఆ ప్యాకెట్ మళ్లీ కొనకండి.