వాన్స్ మనకు అల్లుడెప్పుడయ్యాడు?

"ఇంకొక్క ఎన్నిక ఓపిక పట్టాలె. 2028ల వాన్స్ నిలబడ్తడు, గెలుస్తడు. ఎంతైనా మనింటి అల్లుడు, మన పిల్లల గోస ఆయనకు దెల్వదా?" సూర్యాపేట బస్టాండు దగ్గర టీకొట్టు ముందు ఈ మధ్య ఒక పెద్దమనిషి అన్న మాట ఇది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ కాదనలేదు. ఆయన ఒక్కడి మాటే అయితే ఊరుకునేవాణ్ణి. కోదాడలో పెళ్ళి భోజనాల దగ్గర ఇదే మాట, మిర్యాలగూడ రైసుమిల్లు ఆఫీసులో ఇదే మాట. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇంట్లో ఇప్పుడు ఇదే ధైర్యం. ఒట్టి ధైర్యం. ఒట్టిదే కదా అని వదిలేయడానికీ లేదు, అది మన బుర్రల్ని పాడుచేస్తోంది.

ఈ చుట్టరికం ఎక్కడిదో ముందు చూద్దాం. ఉషా చిలుకూరి 1986లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో పుట్టింది. పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. యేల్‌లో న్యాయశాస్త్రం చదివి, అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ దగ్గర పనిచేసింది. అదంతా ఆమె కష్టం, ఆమె తెలివి. ఆమె భర్త, అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్, ఒహాయోలో పుట్టి పెరిగిన అమెరికన్. వడ్లూరు జనం 2024 నవంబరులో గుళ్ళో పూజలు చేశారంటే ఊరి మమకారం అనుకోవచ్చు. మనకేమైంది? "మా నీళ్ళు మాకు, మా కొలువులు మాకు" అని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నవాళ్ళం. గోదావరి జిల్లా ఆడబిడ్డ భర్తను పట్టుకుని మనింటి అల్లుడని సంబరపడటానికి మనకు పన్నెండేళ్ళయినా పట్టలేదు. వీసా అవసరం పడితే కొత్త చుట్టాలు పుట్టుకొస్తారన్నమాట.

సరే, అల్లుడే అనుకుందాం. ఆ అల్లుడు ఇప్పటిదాకా ఏం చేశాడు? 2025 ఫిబ్రవరిలో ఎలాన్ మస్క్ నడిపిన డోజ్ విభాగంలో ఒక కుర్ర ఉద్యోగి పాత రాతలు బయటపడ్డాయి. భారతీయులను ద్వేషించడం మామూలు సంగతి కావాలని రాసినవాడు అతను. గొడవ కాగానే రాజీనామా చేశాడు. అతణ్ణి మళ్ళీ పనిలోకి తీసుకోవాలని బాహాటంగా అడిగింది ఎవరు? వాన్స్. ఆ రాతలు తనకు నచ్చవంటూనే, కుర్రాడి బతుకు పాడుచేయకూడదన్నాడు. తన ముగ్గురు పిల్లల్లో సగం నెత్తురు ఎవరిదో ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాడు, ఎందుకంటే ఆయనకు కావలసిన ఓట్లు మన దగ్గర లేవు. ఆ కుర్రాడు మళ్ళీ కొలువులో చేరాడు.

అదే ఏడాది జులైలో మైక్రోసాఫ్ట్ పేరెత్తి, అమెరికన్లను తీసేస్తూ విదేశీయులను వీసాల మీద తెచ్చుకుంటున్నారని మండిపడ్డాడు. అక్టోబరులో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో వేలమంది విద్యార్థుల ముందు, సక్రమంగా వచ్చే వలసలు కూడా బాగా తగ్గిపోవాలన్నాడు. అక్కడే నిలదీసిన ఒక దక్షిణాసియా యువతికి జవాబు చెబుతూ, తన భార్య కూడా ఎప్పుడో ఒకనాడు క్రైస్తవంలోకి వస్తుందని ఆశిస్తున్నానన్నాడు. ఇంటి ఇల్లాలు ఏ దేవుణ్ణి మొక్కాలో సభలో చెప్పే మనిషి మన పిల్లల గోస వింటాడట! ఆ ఏడాది ఏప్రిల్‌లోనే భార్యాపిల్లలతో ఢిల్లీ, జైపూర్, ఆగ్రా చూసి వెళ్ళాడు. అత్తవారి గోదావరి వైపు తొంగిచూడలేదు. ఆయన తొంగిచూడాలని నేను అడగడం లేదు. ఆయన తన ఓటర్ల కోసం తన రాజకీయం తాను చేస్తున్నాడు, దాచుకోవడం కూడా లేదు. అన్నీ బాహాటంగా చెబుతున్న మనిషి నోట మనం మన మాటలు పెట్టుకుని వింటున్నాం. తప్పు మనది.

2024లోనూ ఇదే జరిగింది. ట్రంప్ గెలిస్తే ఇండియాకు మంచిదని, మోదీకి దోస్తని, మగాడని మన ఊళ్ళలో ఎన్ని వాదనలు! జనగామ జిల్లా కొన్నె గ్రామంలో ఒక రైతు 2019లోనే ఇంటి ముందు ట్రంప్ విగ్రహం పెట్టి రోజూ పూజ చేసేవాడు. ఆ అమాయకుణ్ణి చూసి నవ్విన చదువుకున్నవాళ్ళే తర్వాత నమ్మకంలో అతణ్ణి మించిపోయారు. పాల్వంచలో కమలా హారిస్ గెలవాలని యాగం చేశారు. ఆమె తల్లి తమిళనాడు మనిషి కనుక ఆమె మనదట. నవంబరు 5న ఎలక్టోరల్ ఓట్లు ట్రంప్‌కు 312, హారిస్‌కు 226. ఆ తర్వాతి లెక్క అందరికీ తెలుసు. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానంలో అమెరికా వెనక్కి పంపిన 104 మంది భారతీయులు, చేతులకు బేడీలు, కాళ్ళకు గొలుసులు. మే నెలాఖరున విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలు ఇవ్వడం ఆపేశారు. ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది. ఆ సుంకం దెబ్బ గట్టిగా తగిలిందెక్కడ? ఆంధ్ర రొయ్యల మీద, అంటే వడ్లూరు ఉన్న ఆ పశ్చిమ గోదావరి చెరువుల మీదే. అత్తగారి జిల్లాకే దక్కని కనికరం మిర్యాలగూడకు దక్కుతుందా? సెప్టెంబరు 19న కొత్త హెచ్‌1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. అప్పటి రేటున 88 లక్షల రూపాయలు. బయటి దేశంనుంచి కొత్తగా తీసుకునేవాళ్ళ మీదే ఆ భారం, అయినా ఆ వారం నిద్రపోని ఇళ్ళు మన మూడు ఊళ్ళలో ఎన్నో. ఇవన్నీ జరిగిన ప్రభుత్వంలో రెండో కుర్చీ వాన్స్‌దే.

కోదాడ అవతల సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలున్న ఒక ఇల్లు నాకు బాగా తెలుసు. కొడుకు చదువుకు ఏడున్నర లక్షల దాకా బ్యాంకు హామీ అడగలేదు. ఆ పైన కావాలంటే ఆస్తి చూపమంది. ఊళ్ళో ఉన్న ప్లాటు కాయితాలు పెట్టారు. అదీ చాలక రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాశారు. ఆ తల్లి బీరువాలో చీరల కింద ఒక ప్లాస్టిక్ కవరుంది. అమెరికా కాలేజీ ఇచ్చిన ఐ-20 జిరాక్సు, బ్యాంకు వాళ్ళిచ్చిన శాంక్షన్ లెటరు, నోటు నకలు, కన్సల్టెన్సీ వాళ్ళిచ్చిన రసీదు అందులోనే. పిల్లాడికి ఎంఎస్ అయిపోయింది, చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి ఓపీటీ మీద ఏదో పని చేస్తున్నాడు, హెచ్‌1బి లాటరీలో పేరు రాలేదు. ఏడాదికి ఉన్నవే 85,000 వీసాలు, పోటీ పడేది లక్షల మంది. వానాకాలం వడ్లు అమ్మిన డబ్బులు వచ్చినట్టే వచ్చి వడ్డీకి పోతాయి. ఆ కవరు తీసి నా ముందు పెట్టి ఆమె అడిగింది: "ఆ అల్లుడొస్తే అంతా నిమ్మళమైతదంట గదా అన్నా?" ఆమెకు ఈ మాట ఎక్కించింది ఇంగ్లీషు పేపరు చదివే మనుషులు. నా కోపం ఆమె మీద కాదు, వాళ్ళ మీద. అప్పు తీర్చే దారి వెతుక్కోవాల్సిన ఇంటికి 2028 దాకా ఎదురుచూడమని సలహా ఇస్తున్నారు.

బ్రిటన్‌లో ఒక అల్లుణ్ణి ఇదివరకే చూశాం. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అల్లుడు రిషి సునాక్ 2022 అక్టోబరులో ప్రధాని అయితే దీపావళి కానుకన్నాం. ఆయన హయాంలోనే 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులకు కుటుంబాన్ని వెంట తెచ్చుకునే వీలు పోయింది, మార్చిలో కేర్ వర్కర్లకూ పోయింది, ఏప్రిల్‌లో ఉద్యోగ వీసాకు జీతం హద్దు 38,700 పౌండ్లకు పెరిగింది. అమెరికాలో అధ్యక్ష పోటీకి దిగిన వివేక్ రామస్వామి 2023లో హెచ్‌1బి లాటరీ పద్ధతినే ఎత్తేస్తానన్నాడు. మన నెత్తురున్న నాయకుడు తాను పక్షపాతిని కానని చూపుకోవడానికి మనమీదే ముందు కత్తి దూస్తాడు.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రపతి ఎన్నికనే తీసుకోండి. 1969 ఆగస్టులో ఆ పీఠం కోసం ప్రధానంగా తలపడిన ఇద్దరూ తెలుగువాళ్ళే. అనంతపురం జిల్లా ఇల్లూరు నీలం సంజీవరెడ్డి ఒకవైపు, బరంపురం తెలుగు కుటుంబపు వి.వి.గిరి మరోవైపు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఎవరు గెలిచినా రాష్ట్రపతి భవనంలో తెలుగు మాట వినిపించే ఏడాది అది. అదే ఏడాది తెలంగాణ రోడ్ల మీద ప్రత్యేక రాష్ట్రం అడిగిన విద్యార్థులు పోలీసు కాల్పులకు ఒరిగారు. 369 మంది అని మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ తెలుగుతనం ఒక్క తూటానైనా ఆపిందా? నల్లగొండ జిల్లాలో ఆ రోజులు చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళను అడగండి.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. "మనోడు, మనోళ్ళు" అనే ఈ పిచ్చి అమెరికా దాకా ఎగుమతి కావడానికి ముందు ఇక్కడ ఏం చేసిందో చూడండి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి గేటు దగ్గర, కడుపుతో ఉన్న భార్య కళ్ళ ముందే, ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. చంపించింది ఆ అమ్మాయి తండ్రి. ఆ పిల్లవాడు కూడా ఒక ఇంటి అల్లుడే. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. హత్య జరిగిన వారంలో మన ఊళ్ళలో తండ్రి పక్షాన మాట్లాడిన గొంతులు ఎన్నో నా చెవులతో విన్నాను. పక్క వీధి అల్లుణ్ణి కులం చూసి కాదన్న నోళ్ళే ఇప్పుడు తెల్లజాతి కాథలిక్కును మురిపెంగా అల్లుడంటున్నాయి. ఈ చుట్టరికం పుట్టింది ప్రేమలోంచి కాదు, అధికారం ముందు చేతులు కట్టుకునే అలవాటులోంచి. అమెరికా మన పిల్లల రంగు చూడొద్దంటాం. పుట్టుక చూడొద్దంటాం. అడిగే అర్హత ముందు మిర్యాలగూడలో సంపాదించుకోవాలి.

రాజకీయాలు మారాలని అందరూ అంటారు. మార్పు ఓటున్న చోట మొదలవ్వాలి. మన మూడు పట్టణాల్లో మునిసిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో తీరింది. ఆ ఏడాదంతా నడిపింది ప్రత్యేకాధికారులు. పల్లెల్లో సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరితే పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. దాదాపు రెండేళ్ళు ఊరికి సర్పంచి లేడు. ఎందుకు లేడని టీకొట్టు దగ్గర ఎవరైనా గొంతు చించుకున్నారా? పెన్సిల్వేనియాలో ఎవరికి ఎంత మొగ్గుందో మాత్రం నోటిలెక్కగా చెప్పారు. 2024 సెప్టెంబరు 1న కోదాడ వరదలో మునిగింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు ఇసుక మేటలేశాయి. రెండు నెలలు తిరిగేసరికి ఆ పొలాల గట్ల మీద కూడా ట్రంపా, కమలా అనే చర్చే. కాలువ గట్టు ఎవరు చూడాలి, నాలాల మీద ఇళ్ళు ఎవరు కట్టనిచ్చారు అన్న ప్రశ్నలు నీళ్ళతో పాటే పోయాయి.

మరి పిల్లల సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ లోక్‌సభ కిందే ఉన్నాయి. 2024లో ఈ సీటులో కుందూరు రఘువీర్ రెడ్డిని అయిదున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించాం. ఆయన వడ్లూరు అల్లుడు కాడు, మనం ఓట్లేసిన ఎంపీ. వీసా విధానం మారి ఉద్యోగం దొరకని పిల్లల విద్యారుణాలకు వాయిదా గడువు పెంచమని ఆర్థిక మంత్రిని పార్లమెంటులో అడగాల్సింది ఆయన. మన విద్యార్థులతో ఎలా వ్యవహరిస్తున్నారో అమెరికా రాయబారిని పిలిచి అడగమని విదేశాంగ మంత్రిని నిలదీయాల్సింది కూడా ఆయనే. పిల్లలకు ఉద్యోగం ఖాయమని చెప్పి లక్షలు గుంజే కన్సల్టెన్సీల మీద లైసెన్సు, తనిఖీ పెట్టమని ఎమ్మెల్యేలను పట్టుకోవాలి. ఇది చాలదని నాకు తెలుసు, దీంతో అమెరికా చట్టం మారదు. కానీ అప్పు ఇక్కడి బ్యాంకుది, నోటు ఇక్కడిది, వడ్డీ ఇక్కడిది.

అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులు ఒక్క కోదాడలోనే వందల్లో ఉంటారు. ఒక ఆదివారం ఏ ఫంక్షన్ హాల్లోనైనా కూర్చుందాం. ఎవరి అప్పు ఎంత, ఏ బ్యాంకులో, ఎవరి వీసా ఎక్కడ ఆగిందో రాసుకుని, సంతకాలు పెట్టి, ఎంపీ చేతికిద్దాం. ఏ తేదీకల్లా జవాబు చెబుతారో ఆయన నోటనే చెప్పించుకుని వద్దాం.