పొదుపు చేస్తం, ముందు మీటరు చూపించండి

ఇది కొంచెం పెద్ద పోస్టు. మధ్యల లెక్కలు కూడా ఉన్నయి. రూంలల్ల ఉండి చదువుకుంటున్న ప్రతి ఒక్కరికీ సంబంధించిన విషయం కాబట్టి ఓపికగా చివరిదాకా చదవండి.

ఎండలు మొదలైనకాన్నుంచి మన గ్రూపుల ఒక్కటే ముచ్చట నడుస్తున్నది, కరెంటు బిల్లు. సీతాఫల్‌మండి, నామాలగుండు, వారాసిగూడ, చిలకలగూడ గల్లీలల్ల ఒక్కో రూంల ముగ్గురం నలుగురం సర్దుకొని ఉంటున్నం. యూనివర్సిటీకి నడిచిపోవచ్చు, ఎంఎంటీఎస్ స్టేషన్ పక్కనే ఉంటది, అందుకే ఇక్కడ ఉంటం. హాస్టల్ సీటు దొరకనోళ్లు, కోర్సు అయిపోయి గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునేటోళ్లు, ఊరికి తిరిగి పోలేనోళ్లు మనల చాలామందే. కిరాయి అంటే ముందే తెలుస్తది, ఇంట్ల చెప్పి తెప్పించుకుంటం. కరెంటు పైసలు ఎంతొస్తయో మాత్రం ఎవ్వరికీ తెల్వదు. ఓనర్ నోటి నుంచి వచ్చిందే బిల్లు.

దీనికి గ్రూపుల వస్తున్న సలహాలు చూస్తున్నం. చార్జర్లు తీసేయండి, లైట్లు ఆర్పేయండి, ఫ్యాన్ తక్కువ వాడండి అని. సలహా ఇచ్చిన సీనియర్ల మీద మాకు గౌరవం ఉంది. కానీ మేము కొంతమందిమి కూసొని లెక్క వేసి చూసినంక ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. మన జేబుకు చిల్లు పెడుతున్నది మనం కాల్చే కరెంటు కంటే ఎక్కువగా మనం ఏ మీటరు మీద కాలుస్తున్నమనేదే. మీటరు సంగతి తేల్చుకోకుండా చేసే పొదుపు ఓనర్‌కు లాభం చేస్తది, మనకు కాదు.

ఎట్లంటే చూడండి. మన రాష్ట్రంల 2022 ఏప్రిల్‌ల వచ్చిన రేట్ల ప్రకారం ఇంటి మీటరుకు మొదటి 50 యూనిట్లు యూనిట్ 1.95 రూపాయలు, 51 నుంచి 100 దాకా 3.10. నెల వాడకం 100 దాటిందంటే ఈ రెండు రేట్లూ పోతయి, మొదటి యూనిట్ నుంచే 3.40 పడతది, 101 నుంచి 200 దాకా 4.80. 200 కూడా దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10, ఆపైన 300 దాకా 7.70. అట్ల పోయి పోయి 800 దాటినంక 10 రూపాయలు. అంటే గీత దాటిన ఆ ఒక్క యూనిట్‌కే కాదు, వెనకటి యూనిట్లకు కూడా రేటు మారిపోతది. 200 యూనిట్లు కాల్చిన ఇంటికి కరెంటు చార్జీ 820 రూపాయలు. 201 కాల్చిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైన!

ఇప్పుడు మన బిల్డింగుల సంగతి. ఒక అంతస్తుల నాలుగు రూంలు, నాలుగింటికీ డిపార్ట్‌మెంట్ మీటరు ఒక్కటే. రూంకు 60 యూనిట్ల లెక్కన మొత్తం 240 యూనిట్లు. 200కు 5.10 చొప్పున 1,020, మిగిలిన 40కి 7.70 చొప్పున 308, కలిపితే 1,328 రూపాయలు. అదే నాలుగు రూంలకు నాలుగు మీటర్లు ఉంటే ఒక్కో రూంకు 128 రూపాయల 50 పైసలు, నాలుగింటికీ కలిపి 514. కస్టమర్ చార్జీ, సుంకం లాంటివి వేరే ఉంటయి, నాలుగు మీటర్లకు నాలుగుసార్లు పడతయి, అవన్నీ కలిపి చూసినా ఉమ్మడి మీటరే ఖరీదు. మనం కాల్చిన కరెంటు అంతే, మారింది గోడ మీది డబ్బా లెక్క మాత్రమే.

కథ అక్కడితో అయిపోదు. రూంకో చిన్న సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 8 రూపాయలు, 10 రూపాయలు అని వసూలు చేసే ఓనర్లు ఉన్నరు. 10 లెక్కన 60 యూనిట్లకు రూంకు 600, నాలుగు రూంలకు 2,400. ఓనర్ కట్టేది 1,328 చిల్లర. యూనిట్‌కు 10 రూపాయలు అనేది రేట్ల పట్టికల ఎవరికి రాసి ఉందో పైన చూసిండ్రు కదా, నెలకు 800 యూనిట్లు దాటిన ఇంటికి. నాలుగు ఏసీలున్న ఇల్లు చివర్ల కట్టే రేటును ఒక ఫ్యాన్, ఒక బల్బు ఉన్న మన రూం మొదటి యూనిట్ నుంచే కడుతున్నది. ఓనర్లందరూ ఇట్లనే అని మేము అనట్లేదు. బిల్లు తెచ్చి ముందట పెట్టి సమానంగా పంచే పెద్దమనుషులు కూడా ఉన్నరు. కానీ అది వాళ్ల మంచితనం మీద ఆధారపడొద్దు కదా.

రేట్లు పెరిగినప్పుడు కూడా ఎవరి మీద ఎంత పడ్డదో చూడాలె. 2022ల మొదటి 50 యూనిట్ల రేటు 1.45 నుంచి 1.95కు పోయింది, అంటే మూడో వంతుకు పైనే పెరిగింది. 800 దాటినోళ్లకు 9.50 నుంచి 10, అంటే నూటికి ఐదు రూపాయల చిల్లర. పైసల్ల రెండూ యాభై పైసలే. కానీ తక్కువ కాల్చేటోడికి ఆ యాభై పైసల బరువు వేరు.

గృహజ్యోతి ఉంది కదా అని ఊర్ల మన బంధువులు అడుగుతుంటరు. ఉంది. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే ఇండ్లకు జీరో బిల్లు వస్తున్నది. మన గూడేలల్ల, తండాలల్ల అమ్మానాన్నలకు అది నిజంగానే ఆసరా, కాదనం. కిరాయికి ఉన్నోళ్లకు కూడా వర్తిస్తదని ప్రభుత్వమే చెప్పింది. కానీ దానికి తెల్ల రేషన్ కార్డు కావాలె, ఆధార్ కావాలె, మీటరు సర్వీస్ నంబరు కావాలె. మన పేరు ఊర్ల అమ్మానాన్నల కార్డుల ఉంది. కార్డు ఉట్నూరుల, కరెంటు కాల్చేది సీతాఫల్‌మండిల. ఒక కుటుంబానికి ఒక కనెక్షన్ అన్నప్పుడు అది ఊరి ఇంటికే పోతది, పోవాలె కూడా. ఇగ సర్వీస్ నంబరు అడిగితే ఓనర్ మొహం ఎట్ల మారుతదో అందరికీ అనుభవమే. అట్ల చదువు కోసం ఊరు విడిచిన పిల్లలం ఇటు పట్నం లెక్కల లేము, అటు ఊరి లెక్కల లేము. ఇంకో సంగతి, మనం ఉండే పోర్షన్ మీటరుకు జీరో బిల్లు వస్తుండి, మన దగ్గర మాత్రం యూనిట్‌కు ఇంత అని తీసుకుంటుంటే అది ఏ లెక్క? ఈ ప్రశ్న ఓనర్‌ను మర్యాదగా అడగడంల తప్పు లేదు.

అందుకే మా అభిప్రాయం, రూం కిరాయికి తీసుకొని చదువుకునే ఎస్టీ, ఎస్సీ, బీసీ విద్యార్థులకు కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్ చూసి నెలకు కనీసం 50 యూనిట్లు ఉచితం చేయాలె. ఊరి కార్డుతో ముడిపెట్టొద్దు. 1.95 లెక్కన 50 యూనిట్లంటే 97 రూపాయల 50 పైసలు, దీనికి ఖజానా ఏం ఖాళీ కాదు. విద్యార్థి సంఘాలు మెస్ చార్జీల గురించి, స్కాలర్‌షిప్ బకాయిల గురించి మెమోరాండం ఇస్తున్నయి, అందుల ఈ ఒక్క లైన్ కూడా చేర్చాలె. హాస్టల్ల ఉన్నోళ్ల బాధ కనపడుతది, రూంలల్ల ఉన్నోళ్ల బాధ ఎవ్వరి రిజిస్టర్ల ఉండదు.

కొంతమంది అడగొచ్చు, ఫ్రీగా ఎందుకియ్యాలె అని. ఈ కరెంటు ఎక్కడ పుడుతున్నదో ఒకసారి చూడమని చెప్పాలె. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ 1,080 మెగావాట్లు. ఈగలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లు. ఉమ్మడి రాష్ట్రంల ఖమ్మం ఏజెన్సీల ఉండి, 2014ల ఆంధ్రకు పోయిన మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు 460 మెగావాట్లు. కోయోళ్ల, కొండరెడ్ల, చెంచుల నేల ఇదంతా. ఈగలపెంట, దోమలపెంట అనే పేర్లల్లనే ఉంది, పెంట అంటే చెంచుల ఊరు. అదే నల్లమల లోపలి కొన్ని పెంటలకు ఇప్పటికీ సోలార్ లైట్లే దిక్కు. బొగ్గు మన కిందిది, నీళ్లు మన పక్కవి, పట్నంల బల్బు కింద చదువుకుంటే రేటు మాత్రం పెద్ద బంగ్లాలది.

సరే, ప్రభుత్వం ఇచ్చేదాకా ఏం చేద్దాం? పొదుపు చేద్దాం, కానీ గుడ్డిగా కాదు. ముందుగాల మీటరు చదవడం నేర్చుకోవాలె. సబ్‌మీటరు మీద ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటది. పక్కనే 3200 అనో, 1600 అనో రాసి ఉంటది. 3200 అని ఉంటే ఆ లైటు 3,200 సార్లు కొడితే ఒక యూనిట్ అని అర్థం. రూంల స్విచ్చులన్నీ ఆపి, చార్జర్లు పీకి, లైటును ఐదు నిమిషాలు చూడండి. కొడుతనే ఉందా? అయితే మెట్ల మీది బల్బో, పక్క రూం ప్లగ్గో, వైరింగుల లీకేజో మీ ఖాతాల పడుతున్నది. తర్వాత ఫ్యాన్ ఒక్కటే వేయండి. పాత 75 వాట్ల ఫ్యాన్ అయితే నిమిషానికి నాలుగుసార్లు కొట్టాలె. పదిసార్లు కొడితే మీటరో, వైరింగో తప్పు. నీళ్ల రాడ్ 1,500 వాట్లది పెడితే నిమిషానికి 80 సార్లు కొడతది. అది చూసినంక రాడ్ సంగతి ఎవ్వరూ చెప్పనక్కర్లేదు.

చార్జర్ల మీద కొట్లాడుకునుడు మాత్రం బంద్ చేయండి దయచేసి. ఫోన్ నలభైసార్లు ఫుల్ చార్జ్ పెడితే ఇంచుమించు ఒక యూనిట్. నలుగురు రోజూ పెట్టుకున్నా నెలకు మూడు యూనిట్లు. ల్యాప్‌టాప్ రోజుకు ఆరు గంటలు వాడితే నెలకు తొమ్మిది దాకా. ఎక్కువ గుంజేది వేడి చేసే సామాను. రాడ్‌తో బకెట్ నీళ్లు కాగాలంటే అర యూనిట్ దాకా పోతది, నలుగురు నాలుగు బకెట్లంటే నెలకు 60 యూనిట్లు, అంటే ఒక రూం వాడకం అంత. సలికాలం కూడా సగం బకెట్ కాగబెట్టి సగం సల్లనీళ్లు కలుపుకుంటే సరిపోతది. ఎండాకాలం ట్యాంకు నీళ్లే కాలుతుంటయి, ఇగ రాడ్ ఎందుకు? కరెంటు పొయ్యి మీద 1,500 వాట్లతో నలభై నిమిషాలు వండితే ఒక యూనిట్. బియ్యం, పప్పు ముందే నానబెట్టడం, కుక్కర్‌ల వండడం, పొద్దుటి కూరనే రాత్రికి ఉంచుకోవడం మనకు కొత్తేం కాదు, ఊర్ల అమ్మలు కట్టెలు మిగిలించడానికి చేసేదే.

ఫ్యాన్ ఆపుకొమ్మని మాత్రం మేము చెప్పం. రేకుల రూంల మే నెలల ఫ్యాన్ లేకుండా చదివి పరీక్ష రాయమనడం అన్యాయం. పాత ఫ్యాన్ రోజుకు 18 గంటలు తిరిగితే నెలకు 40 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లది అయితే 16. యూనిట్ 10 రూపాయలు కట్టే రూంల నెలకు 240 మిగులుతది. రెండున్నర, మూడు వేల ఫ్యాన్ నలుగురు వేసుకొని కొంటే ఏడాదికి అటూ ఇటూగా వసూలైతది. రూం మారేటప్పుడు విప్పుకొని తీసుకపోవచ్చు, ఓనర్‌కు ముందే చెప్పి పాతది అప్పజెప్పాలె.

మనిషికింత అని పంచుకునే రూంలల్ల ఇంకో తిప్పలు. పొదుపు చేసినోడూ అంతే, రాత్రంతా కూలర్ పెట్టుకున్నోడూ అంతే. కరెంటుతో కలిపి కిరాయి మాట్లాడుకున్న రూంలల్లనైతే ఎవ్వరూ స్విచ్చే ఆపరు. రూంల చేరేరోజు ఒకటో తారీకు రీడింగ్ రాసుకోవాలె, బిల్లు కాగితం చూపించాలని ముందే మాట తీసుకోవాలె. నీళ్ల మోటరు ఎవరి మీటరు మీద ఉందో అడగాలె, ఒక హెచ్‌పీ మోటరు గంట నడిస్తే ఒక యూనిట్ దాకా పోతది. పోర్షన్ వేరు, వైరింగ్ వేరు ఉంటే వేరే మీటరు కోసం ఓనర్‌ను ఒప్పించే ప్రయత్నం చేయండి, మీటర్ల వల్ల ఉమ్మడి బిల్లు 200 దాటకుండా ఉంటదని ఆయనకు కూడా లెక్క చూపించండి. ఒక్కరు పోతే “నచ్చకపోతే ఖాళీ చెయ్” అంటరు. నాలుగు రూంలోళ్లు కలిసి పొండి, గొంతు పెంచకుండా, కాగితం మీద లెక్క రాసుకొని. డిపార్ట్‌మెంట్ మీటరు మీదనే అనుమానం ఉంటే 1912కు ఫోన్ చేయొచ్చు, సబ్‌మీటరుతో వాళ్లకు సంబంధం ఉండదు.

వచ్చే ఒకటో తారీకున మీ రూం రీడింగ్, యూనిట్‌కు ఎంత కడుతున్నరు, మీటరు ఉమ్మడా వేరా, ఎంతమంది ఉంటున్నరు, ఈ నాలుగు ముచ్చట్లు కింద కామెంట్ల రాయండి. సీతాఫల్‌మండి చుట్టుపక్కల రూంలన్నీ ఒక పట్టికల పెట్టి మెమోరాండంకు జత చేద్దాం. ఓనర్ పేరు, ఇంటి నంబరు ఎవ్వరూ రాయొద్దు. మీటరు ఫొటో పెట్టేటోళ్లు సర్వీస్ నంబరు మీద వేలు అడ్డం పెట్టి తీయండి.