కుడి వరుసలో లారీ: కోపం ఎవరిమీద?

నాలుగు వరుసల జాతీయ రహదారిమీద ప్రయాణించే ప్రతివారికీ అనుభవంలో ఉన్న విషయమిది. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో ఒక లారీ ఎడమ వరుసలో పోతూ ఉంటుంది. దాని వెనుక 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న మరొక లారీ కుడి వరుసలోనికి మళ్లి దానిని దాటడానికి పూనుకుంటుంది. ఉన్న రెండు వరుసలూ నిండిపోతాయి. వెనుక బస్సులు, కార్లు, అంబులెన్సులు బారులు తీరుతాయి. హారన్లు మోగుతాయి, లైట్లు వెలిగి ఆరుతాయి. చివరకు సహనం నశించిన ఒకరు ఎడమ అంచున దొరికిన సందులోనుంచి దూసుకుపోవడానికి ప్రయత్నిస్తారు. ఆ సందులో ఒక సైకిలో, ఆగి ఉన్న ట్రాక్టరో ఉండనే ఉంటుంది.

తప్పెవరిదన్న ప్రశ్నకు మనలో చాలామంది వద్ద సిద్ధంగా ఉన్న సమాధానం ఒక్కటే: లారీ డ్రైవరుది. రైల్వే, తపాలా ఉద్యోగులలో సొంత కారు గలవారు నేడు తక్కువేమీ కాదు. సంఘ కార్యాలయాలలో సైతం “లారీవాళ్లకు రోడ్డు రాసిచ్చినట్లుంది” అన్న మాట తరచు వినవస్తున్నది. మూడు దశాబ్దాలుగా సంఘం పనిమీద రహదారులవెంట తిరుగుతున్న నాకు ఆ విసుగు తెలియనిది కాదు. అయినప్పటికీ ఆ మాట న్యాయమైనది కాదని, అసలు బాధ్యులను తప్పించే మాట అని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా లెక్క చూద్దాం. రెండు లారీల పొడవు, ముందు వెనుకల విడవవలసిన ఖాళీ కలుపుకుంటే, దాటిపోయే లారీ రెండవదానికంటె సుమారు 60 మీటర్లు అదనంగా నడవాలి. వేగంలో తేడా గంటకు 5 కిలోమీటర్లే అయితే అందుకు 43 సెకండ్లు పడుతుంది. ఆ లోగా అది 600 మీటర్ల దూరం కుడి వరుసలోనే ఉంటుంది. ఎడమనున్న డ్రైవరు తన వేగాన్ని 45 నుంచి 40కి తగ్గించాడనుకుందాం. తేడా రెట్టింపవుతుంది, సమయం 22 సెకండ్లకు, దూరం 300 మీటర్లకు పడిపోతుంది. అనగా ఈ చిక్కుముడిని విప్పగల శక్తి దాటిపోయేవాని చేతిలో కంటె, దాటనిచ్చేవాని కాలికింద ఎక్కువగా ఉన్నది. తనను ఇతరులు దాటుతున్నప్పుడు వేగం పెంచరాదని మన నిబంధనలు 1989 నుంచీ చెబుతున్నాయి. వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు కూడా అదే చెప్పాయి. వేగం తగ్గించి దారి ఇవ్వాలన్న మర్యాద మాత్రం ఇంకా అలవాటు కావలసి ఉన్నది.

మరొక సంగతి గమనార్హం. 2015 అక్టోబరు 1 తర్వాత తయారైన రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు మించనివ్వని వేగనియంత్రణ పరికరం తప్పనిసరి అయినది. ఇది ప్రాణరక్షణకు అవసరమైన చర్యే. కాని రెండు లారీలూ ఇంచుమించు ఒకే గరిష్ఠ వేగానికి కట్టుబడి ఉన్నప్పుడు వాటి మధ్య తేడా 2 కిలోమీటర్లే ఉండవచ్చు. అప్పుడు దాటడానికి 108 సెకండ్లు, 2.4 కిలోమీటర్ల రహదారి కావాలి. ఆ రహదారిమీద కార్లకు 100 కిలోమీటర్ల వరకు అనుమతి ఉన్నది. ఇంతటి వేగభేదాన్ని రెండే వరుసలలో ఇమిడ్చినప్పుడు ఒరిపిడి పుట్టక మానదు.

లారీ కుడి వరుసను ఎందుకు విడువదు? ఎడమ వరుసను ఒకసారి పరిశీలించండి. డ్రైవరు దానినుంచి ఎందుకు పారిపోతున్నాడో బోధపడుతుంది. ఆటోలు, ద్విచక్ర వాహనాలు, ట్రాక్టర్లు అందులోనే తిరుగుతాయి. ఊరినుంచి వచ్చే దారి నేరుగా అందులోనికే వచ్చి కలుస్తుంది. పంక్చరైన లారీ అక్కడే ఆగుతుంది. ఎదురు దిశలో వచ్చే మోటారు సైకిలు కూడా ఆ అంచునే వస్తుంది. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలతోనో, గుంటూరు మిర్చి బస్తాలతోనో పోతున్న లారీ ఒకసారి ఆగితే తిరిగి వేగం పుంజుకోవడానికి ఎంత డీజిలు, ఎంత సమయం ఖర్చవుతాయో డ్రైవరుకు తెలుసు. ఆ నష్టం పలుచోట్ల అతని జేబునుంచే పోతుంది. కావున ఆటంకం తక్కువగా ఉన్న కుడి వరుసను పట్టుకుంటాడు.

బరువు సంగతి కూడా విస్మరించరాదు. 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం సరుకు వాహనాల ఇరుసు బరువు పరిమితిని 20 నుంచి 25 శాతం వరకు పెంచింది. రెండిరుసుల లారీ మొత్తం బరువు 16.2 టన్నులనుంచి 18.5 టన్నులకు పెరిగింది. లారీ పాతదై, ఇంజను శక్తి మారనప్పుడు అదనపు బరువు ఎత్తెక్కే ప్రతి చోటా వేగాన్ని హరిస్తుంది. బరువు పెంచుకోవడానికి అనుమతించినవారు, ఆ బరువు ఎక్కవలసిన ఎత్తులలో అదనంగా ఒక వరుస వేయించే బాధ్యతను కూడా స్వీకరించి ఉండవలసింది.

రైల్వే సోదరులకు ఈ సమస్య కొత్తది కాదు. వేగంగా పోయే బండి, నిదానంగా పోయే బండి ఒకే దారిమీద నడవడం మన నిత్యకృత్యం. గూడ్సు ముందు పోతుండగా వెనుక ఎక్స్‌ప్రెస్ వస్తున్నప్పుడు ఏ స్టేషనులో గూడ్సును లూప్ లైనులోనికి తీసుకోవాలో సెక్షన్ కంట్రోలరు నిర్ణయిస్తాడు. స్టేషను మాస్టరు దారి ఏర్పాటు చేస్తాడు. గూడ్సు లూపులో నిలబడుతుంది. ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైనుమీద సాగిపోతుంది. గూడ్సు లోకో పైలట్ నిదానంగా వచ్చాడని ఎవరూ తిట్టరు. నిదానం అక్కడ నేరం కాదు. ముందుగా లెక్కలోనికి తీసుకున్న వాస్తవం. రహదారికి లూప్ లైను లేదు, కంట్రోలరు లేడు. ఒక పెద్ద వ్యవస్థ చేయవలసిన నిర్ణయాన్ని నిద్రలేని ఒక డ్రైవరు మీద వదిలివేశాము. అది తప్పినప్పుడు అతనినే దోషిని చేస్తున్నాము.

ఆ నిద్రలేమి ఊరకే వచ్చినది కాదు. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీని సాధించుకున్నారు. 1974 మే సమ్మెలో ఎనిమిది గంటల పని ముఖ్యమైన కోర్కెలలో ఒకటి. అలసిన కన్ను సిగ్నలును చూడలేదని ఆనాడు మనవారు దేశానికి నచ్చజెప్పారు. లారీ డ్రైవరు కన్ను కూడా కన్నే. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని నిర్దేశించింది. కాని అది అయిదుగురు లేక అంతకుమించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఆ చట్టాన్ని తనలో కలుపుకుని 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిపర భద్రతా నియమావళి ఆ సంఖ్యను పదికి పెంచింది. ఒకటి రెండు లారీలున్న యజమానుల చేతిలోనే అత్యధిక భాగం రవాణా నడుస్తున్న దేశంలో దీని అర్థమేమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ట్రిప్పు లెక్కన బత్తా పొందే డ్రైవరు ఎన్ని గంటలు మేల్కొంటే అంత కూలి.

శిక్షలు పెంచితే దారికి వస్తారనే వాదం ఒకటున్నది. ప్రమాదం చేసి, అధికారులకు తెలియజేయకుండా పారిపోయినవారికి పదేండ్ల వరకు జైలుశిక్ష విధించే భారతీయ న్యాయ సంహిత 106(2) ఉపనిబంధనకు నిరసనగా 2024 జనవరి ఆరంభంలో లారీ డ్రైవర్లు అనేక రాష్ట్రాలలో వాహనాలు నిలిపివేశారు. సంహిత 2024 జులై 1న అమలులోనికి వచ్చినప్పుడు ఆ ఉపనిబంధనను మాత్రం పక్కన ఉంచారు. ప్రాణనష్టానికి శిక్ష ఉండరాదని ఎవరూ అనరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 61,038 మంది జాతీయ రహదారులమీదనే ప్రాణాలు విడిచారు. మొత్తం ప్రమాదాలలో ఐదింట ఒక వంతుకు పైగా వెనుకనుంచి ఢీకొన్నవి. ఈ అంకెలలో లారీ కింద నలిగినవారూ ఉన్నారు, లారీలో మరణించిన డ్రైవర్లూ ఉన్నారు. జైలు భయం కాలును బ్రేకుమీద పెట్టించగలదేమో గాని, మూసుకుపోతున్న రెప్పను తెరిపించలేదు.

ఇతర దేశాల అనుభవం కూడా పరిశీలించదగినది. జర్మనీలో లారీలు పక్కపక్కన నిదానంగా సాగడాన్ని ప్రజలు ‘ఏనుగుల పందెం’ అని పరిహసిస్తారు. ఈ దాటుడు 45 సెకండ్లలో ముగియాలని, అందుకు వేగంలో గంటకు 10 కిలోమీటర్ల తేడా ఉండాలని అక్కడి హామ్ నగర ఉన్నత న్యాయస్థానం 2008లో ఒక కొలత ఇచ్చింది. అయితే అదే దేశంలో డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపిన పిమ్మట 45 నిమిషాల విరామం తీసుకోవాలన్న యూరపు నిబంధన కూడా ఉన్నది. నడిపిన గంటలను నమోదు చేసే పరికరం లారీలోనే ఉంటుంది. మొదటి కొలతను మాత్రమే దిగుమతి చేసుకుని రెండవదానిని వదిలివేస్తే అది న్యాయం కాదు.

మనం కోరవలసినవి స్పష్టమైనవే. ఊళ్లవద్ద స్థానిక వాహనాలకు వేరుగా సర్వీసు రోడ్లు వేసి ఎడమ వరుసను ఖాళీ చేయించాలి. ఎత్తెక్కే చోట్ల అదనపు వరుస, తగిన దూరాలలో లారీలు ఆగడానికి నీడ, నీరు, పడక గల స్థలాలు ఏర్పాటు చేయాలి. కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా పని గంటల పరిమితి ప్రతి లారీకి వర్తించాలి. కొత్తగా తయారయ్యే లారీలలో డ్రైవరు క్యాబినుకు ఎయిర్ కండిషనింగ్ తప్పనిసరి చేయడం మంచిదే. కాని చల్లని గాలి విశ్రాంతికి ప్రత్యామ్నాయం కాదు.

అన్నిటికంటె మౌలికమైనది సరుకును తిరిగి పట్టాలమీదికి తేవడం. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో దేశ సరుకు రవాణాలో సింహభాగం రైలుది. నేడది మూడవ వంతుకు లోపే. 2030 నాటికి దీనిని 45 శాతానికి చేర్చాలని జాతీయ రైలు ప్రణాళిక లక్ష్యంగా పెట్టుకున్నది. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు, ఇటార్సీ నుంచి విజయవాడకు సరుకు బండ్లకై ప్రత్యేక మార్గాలు చేపడతామని 2021–22 కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. ఆ ప్రకటన పట్టాలుగా మారితే చెన్నై–కోల్‌కతా రహదారిమీద కుడి వరుస దానంతటదే చాలావరకు తేలికపడుతుంది. రైల్వే ఉద్యోగి తన ఉపాధికై కోరేదీ, రహదారి ప్రయాణికుడు తన ప్రాణానికై కోరేదీ ఇక్కడ ఒక్కటే.

తపాలా సోదరులకు మరొక మాట. రైళ్లలో పోయే సంచులు అనేకం నేడు రోడ్డుమీద పోతున్నాయి. మెయిల్ మోటార్ సర్వీసు డ్రైవరూ, కాంట్రాక్టు బండి నడిపే డ్రైవరూ ఆ లారీల వెనుకనే గడియారం చూసుకుంటూ నిలబడుతున్నారు. దారిలోని జాప్యానికి డ్రైవరును సంజాయిషీ అడిగే పద్ధతిని మన శాఖలు ప్రతిఘటించాలి. వేళల పట్టిక రహదారి వాస్తవాన్ని అనుసరించి తయారు కావాలి.

ఈ కోర్కెలు నెరవేరేలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. కుడి వరుసలోని లారీని ఎడమనుంచి దాటవద్దు. ఆ వైపు డ్రైవరుకు చాలా భాగం కనిపించదు. అతని అద్దంలో మీరు అతనికి కనిపించేంత వెనుక ఉండండి. దాటుడు ముగియడానికి అర నిమిషమో, నిమిషమో పడుతుంది, ఆగండి. లారీ సోదరులకు కూడా ఇదే చెప్పవలసి ఉన్నది: ముందున్న బండికంటె నీ వేగం చెప్పుకోదగినంత ఎక్కువ కాకపోతే కుడికి మళ్లవద్దు, నిన్ను ఒకరు దాటుతుంటే కాలు తీయి, దాటిన వెంటనే ఎడమకు రా. ఈ మాట మన నోట వినడానికి వారు సిద్ధపడాలంటే, ముందు వారి పని గంటల గురించి మనం మాట్లాడాలి. మన డివిజను మహాసభలు రోడ్డు రవాణా కార్మికుల సంఘాలను ఆహ్వానించి ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను.