మరొక ఖాళీ పాత్ర ఎందుకు?



ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు సెలవులలో ఒక చిన్న ఆట తయారుచేయ సంకల్పించి, "తాతయ్యా, ఆలోచన నీది, ప్రోగ్రాము నాది" అన్నాడు. ఆట పూర్తి కావచ్చింది. దానితోపాటే మా ఇద్దరి నడుమ తగవూ ముదిరింది. తీర్పు మీరే చెప్పండి గాని, నా పక్షమేదో నేను దాచుకోను.

ఆట ఇది. మూడు పాత్రలు, వేటిపైనా కొలతగీతలు లేవు. 8 సోలల పాత్ర నిండా పాలు. 5 సోలలదీ, 3 సోలలదీ ఖాళీ. పాలను సరిగ్గా నాలుగేసి సోలలుగా పంచాలి. నియమం ఒక్కటే: ఒంపే పాత్ర ఖాళీ అయ్యేదాకానో, పట్టే పాత్ర నిండేదాకానో ఒంపాలి, నడుమ ఆపరాదు. పాలు కనుక పారబోయడమన్న మాటే లేదు. ఇది నా కల్పన కాదు. 13వ శతాబ్దపు ఐరోపా రచనలలోనే ఉన్న సమస్య.

మొదట మన కొలతలే పెట్టబోయాను: తవ్వ, మానిక, అడ్డ. అంటే 2, 4, 8 సోలలు. ఆట అక్కడే చచ్చింది. అడ్డలోని పాలు మానిక నిండా ఒంపితే ఒక్క దెబ్బకు సగం తేలిపోతుంది. ఒక్క సోల కావాలంటే మాత్రం ఎన్నడూ రాదు. ఒంపగా పుట్టే కొలతలన్నీ ఆ పాత్రల గ.సా.భా.కు గుణిజాలే కదా! పూర్వులు ఆ కొలతలను బేరం తేలిక కావడానికి ఏర్పరచారు గాని చిక్కుముడి కోసం కాదు. 5కూ 3కూ 1 తప్ప సామాన్య భాజకం లేదు. అందుకే అక్కడ ఏ కొలతైనా పుడుతుంది. మొదట 5 సోలల పాత్రలోకి ఒంపితే 7 ఒంపులు, 3 సోలల పాత్రలోకి ఒంపితే 8. రసమంతా ఆ ఒక్క నియమంలోనే ఉన్నది.

ఇక తగవు. "చిక్కుకున్నవాడికి ఒక ప్రకటన చూపించి మరో ఖాళీ పాత్ర ఇద్దాం" అంటాడు మావాడు. గాజుగొట్టాలలో రంగునీళ్ళు వేరుచేసే ఫోను ఆటలు చాలావరకు చేస్తున్నది ఇదేనట.

నాలుగు సోలల పాత్ర చేతికిస్తే ఒక్క ఒంపుతో ఆట ముగుస్తుంది. దానిని సహాయమనరు, సమస్యను రద్దుచేయడమంటారు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకునికి పైకమిచ్చి "ఈ అక్షరం వదిలెయ్యండి" అనే అవధానికి సభ చప్పట్లు కొడుతుందా? అంతకన్న పెద్ద కీడు ఆట కూర్చినవానికే. ఖాళీ పాత్ర డబ్బు తెచ్చిపెడుతుంటే, రేపు అది లేనిదే తెమలని మెట్లను కావాలనే కల్పిస్తాడు.

"పిల్లలు విసిగిపోతారు" అంటారా? వెనుకకు మళ్ళనివ్వండి, ఎన్నిమార్లైనా మొదలుపెట్టనివ్వండి. అందువల్ల నియమానికి భంగం లేదు. తప్పు దిద్దుకోవడం వేరు, తప్పించుకోవడం వేరు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక కారణమున్నది. ఉద్యోగకాలమంతా ఛందస్సు చెప్పాను. పరీక్షలు దగ్గరపడగానే పద్యపాదాలకు గురులఘువులు నేనే బల్లపై గుర్తించి చూపేవాణ్ణి. పిల్లలు ఎక్కించుకొనేవారు, మార్కులు వచ్చేవి. వారిలో ఒకడు ఈ మధ్య కనబడి, "మాస్టారూ, గణవిభజన నాకు ఇప్పటికీ రాదండీ" అన్నాడు, నవ్వుతూనే. నేను నవ్వలేకపోయాను. ఆ ఖాళీ పాత్రలు పంచినవాణ్ణి నేనే.

కనుక మావాడు నన్ను ఛాందసుడన్నా సరే, నాలుగో పాత్ర ఉండరాదన్నదే నా మాట. ఏడు ఒంపులేవో ఇక్కడ వ్రాయను. నాతో వాదించదలచినవారు ముందు ఒక పూట వాటితో కూర్చోండి. ఆ తరువాత కూడ నాలుగో పాత్ర కావాలనిపిస్తే, రండి, వాదించుకుందాం.