ఏ రాయి యైన నేమి?

పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి యైన నేమి యని మనలో నొక సామెత కలదు. 2008వ సంవత్సరపు శరత్కాలమున అమెరికా సంయుక్త రాష్ట్రముల వోటరులలో ననేకులు ఈ సామెత నెఱుగకయే దీని యర్థము ననుభవించిరి. అధ్యక్షపదవికి ఇద్దఱు ప్రధానాభ్యర్థులు నిలిచియుండిరి. దేశమునంతటిని కలచివైచిన ప్రశ్న యొక్కటి యుండెను: జూదమువంటి వ్యాపారమున మునిగిన బ్యాంకులను ప్రజాధనముతో గట్టెక్కింపవలయునా, వలదా? ఈ ప్రశ్నకు ఇద్దఱభ్యర్థులును ఒక్కటే యుత్తర మిచ్చిరి. లక్షలాది జనులు కోరిన యుత్తర మది కాదు. ఇట్టిచో వోటు వేయుటకును వేయకుండుటకును భేద మేమి యని వారు నిట్టూర్చిరి. ఆ నిట్టూర్పు న్యాయమైనదే. కాని దానితో నాగిపోవుట న్యాయము కాదని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

దూరదేశపు పాత కలహము మన కేల యని చదువరు లడుగవచ్చును. ఆ యేడు అచ్చట బ్యాంకులు కూలినపుడు, అచ్చట కొలువు చేయుచుండిన తెలుగు బిడ్డల తల్లిదండ్రు లెందఱో ఇచ్చట నిద్ర మానిరి. పరదేశికి కొలువు పోయినచో వీసాయు పోవు భయము కలదు. వోటు లేనివాడు గనుక వాని మొఱ వినవలసిన ప్రతినిధియు లేడు. అంతేకాదు. ఆపద వచ్చినపుడు పాలకు లాడు మాటలు ఏ దేశమున నైనను ఒక్క తీరుననే యుండును: వ్యవధి లేదు, ప్రశ్నింపకుడు, సొమ్మిండు. ఈ మాటల నొకచోట పరీక్షించి చూచినచో రెండవచోట మోసపోకుండ వచ్చును.

ముందుగా జరిగినదానిని చెప్పుదుము. తీర్చు శక్తి కలదో లేదో చూడకయే అచ్చటివారు ఇండ్లపై ఋణము లిచ్చిరి. ఇచ్చినవారు ఆ ఋణపత్రములను తమయొద్ద నుంచుకొనక, వేలకొలది కట్టలుగా గట్టి, ఆ కట్టలపై వాటాలను లోకమంతటను అమ్మిరి. ఋణము తీఱునో తీఱదో యను చింత ఇచ్చినవానికి లేకపోయెను. నష్టము కొన్నవానిది గదా! ఆ వాటాలకు యోగ్యతాపత్రము లిచ్చు సంస్థలు, అమ్మువారియొద్దనే రుసుము పుచ్చుకొని, వానిలో పెక్కింటిని మిక్కిలి భద్రమైనవని ముద్రవేసెను. ఏ.ఐ.జి. యను బీమా సంస్థ, తగిన నిధిని దాచుకొనకయే, వానికి నష్టపూచీ వ్రాసియిచ్చెను. 2006 మొదలు ఇండ్ల ధరలు తగ్గనారంభించుటతో ఈ మేడ యంతయు వంగెను. 2008 మార్చిలో బేర్ స్టెర్న్స్ సంస్థను, కేంద్రబ్యాంకు సహాయముతో, మఱియొక బ్యాంకు కొనెను. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసెను. దానిని ప్రభుత్వము కాపాడలేదు. మఱునాడే ఏ.ఐ.జి.కి 8,500 కోట్ల డాలర్ల ఋణ మిచ్చి కాపాడిరి. ఒకదానిని చావనిచ్చి వేఱొకదానిని బ్రదికించుటకు ఆధారమైన నియమ మేదో సామాన్యజనులకు బోధపడలేదు.

సెప్టెంబరు 20న ఆర్థికశాఖ కార్యదర్శి హెన్రీ పాల్సన్ కోరిక శాసనసభ ముందునకు వచ్చెను. పత్రము మూడు పుటలు. అడిగిన సొమ్ము 70,000 కోట్ల డాలర్లు. అనగా ఆ దేశమున పసిబిడ్డ మొదలు పండుముసలి వఱకు తలకు సుమారు 2,300 డాలర్లు. ఆ సొమ్ముతో చెడిన ఋణపత్రములను కొందు ననెను. కార్యదర్శి నిర్ణయములను ఏ న్యాయస్థానమును విచారింపరాదనియు ఆ పత్రమున నుండెను. ఆయన 2006 వఱకు గోల్డ్‌మన్ శాక్స్ అను గొప్ప ధనవ్యాపార సంస్థకు అధిపతి. ఆయన నిజాయితీని మేము శంకింపము. కాని ధర్మకర్త యెంత సజ్జనుడైనను, లెక్క చూడరాదను షరతుతో దేవాలయపు తాళపుచెవు లడిగినచో ఊరివారు ఈయవచ్చునా?

ఇట్టి సమయముననే గదా అభ్యర్థుల యోగ్యత తెలియవలసినది! జాన్ మెకేన్ తన పక్షమునైనను ఎదిరింపగల ధీరుడని పేరుపొందినవాడు. బరాక్ ఒబామా మార్పు అను నొక్క మాటతో దేశమును ఊగించినవాడు. మెకేన్ సెప్టెంబరు 24న, ప్రచారమును నిలిపి రాజధానికి పోవుచున్నానని ప్రకటించెను. మఱునాడు అధ్యక్షుడు బుష్ ఇద్దఱను తన భవనమునకు పిలిచెను; ఆ సమావేశమున ఏమియు తేలలేదు. 26వ తేదీ రాత్రి మిసిసిపీ రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డ్ పట్టణమున జరిగిన వాదసభలో, ఈ భారమును మోయుటకు మీ వాగ్దానములలో దేనిని విడిచెదరని సభానిర్వాహకుడు మరల మరల అడిగెను. ఇద్దఱును చుట్టు తిరిగిరే కాని తిన్నగా ఉత్తర మీయలేదు. అక్టోబరు 1న సెనేటు సభలో ఇద్దఱును శాసనమునకు అనుకూలముగా వోటు వేసిరి. యుద్ధము, పన్నులు, వైద్యము మొదలగువానియందు వారికి గొప్ప భేదములు కలవు. వానిని కాదనుట యన్యాయము. కాని ఆ ఘడియకు ప్రశ్న యిదియే. దీనియందు మాత్రము ప్రజలకు ఎన్నుకొనుట కేమియు మిగులలేదు.

అయినను ప్రజలు చేష్టలుడిగి కూర్చుండలేదు. ప్రతినిధుల కార్యాలయములకు ఫోనులును ఉత్తరములును వెల్లువవలె వచ్చెను. ప్రతినిధుల సభవారు రెండేండ్ల కొకసారి వోటు అడుగవలసినవారు; ఎన్నికలకు ఐదు వారములే యుండెను. సెప్టెంబరు 29న ఆ సభ శాసనమును 228కి 205 వోట్లతో త్రోసిపుచ్చెను. ఆనాడే డౌ జోన్స్ సూచి 777 అంకములు పడెను. భయము రాజ్యమేలెను. నాలుగు దినములకే, అక్టోబరు 3న, అదే సభ 263కి 171 వోట్లతో శాసనము నామోదించెను. అధ్యక్షుడు ఆ దినముననే సంతకము చేసెను. ఈ నడుమ మూడు పుటల పత్రము నాలుగువందల పుటలు దాటెను. న్యాయవిచారణపై నిషేధమును సడలించిరి, పర్యవేక్షకసంఘమును చేర్చిరి, ఇది ప్రజల మొఱకు ఫలము. దానితోపాటు పిల్లలాడుకొను కొయ్యబాణములపై పన్ను మినహాయింపును గూడ చేర్చిరి. ఇది వోట్ల బేరమునకు ఫలము. ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్ట కాల్చుకొనుటకు నిప్పడిగినవాని కథ ఇంతకంటె భిన్నమా?

నవంబరు 4న దేశము వోటు వేసెను. ఈ సహాయమును ఎదిరించిన రాల్ఫ్ నాడర్, బాబ్ బార్ వంటివారిని చేర్చుకొని, చిన్న అభ్యర్థుల కందఱికిని కలిపి నూటికి రెండు వోట్లైనను రాలేదు. వారికి వేసిన వోటు వ్యర్థమగునను తలంపు పలువురి చేతిని పట్టుకొనెను. ఎనిమిది దినములు గడచినవో లేదో, నవంబరు 12న, చెడిన ఋణపత్రములను కొనబోమని పాల్సన్ ప్రకటించెను. అంతకుముందే అక్టోబరులో తొమ్మిది పెద్ద బ్యాంకులకు 12,500 కోట్ల డాలర్ల మూలధన మిచ్చుటకు నిశ్చయించియుండిరి. ఏ పనికని సొమ్మడిగిరో, ఏ పని పేరు చెప్పి శాసనసభను తొందరపెట్టిరో, ఆ పని అట్లే నిలిచిపోయెను. అభ్యర్థులు ఆ శాసనమును సావధానముగా విమర్శించి, ఇది మీ రడిగిన పనికి కాక వేఱొకదానికి వినియోగింపబడిన నెట్లని ముందే ప్రశ్నించియుండిన, ప్రజలు ఇంత చులకన యయ్యెడివారు కారు.

బ్యాంకులు కూలిన జీతములు నిలుచును, అంగళ్లు మూతపడును, బీదలే ముందుగా మాడుదురు, కావున కోపమును మ్రింగి సొమ్మీయక తప్పదని పెద్దమనుషులు వాదించిరి. ఈ వాదమునందు సత్యము లేకపోలేదు. ఊరికి నిప్పంటుకొనినపుడు, నిప్పు పెట్టినవాని యిల్లైనను ఆర్పవలసినదే. లేకున్న పొరుగిండ్లును కాలును. మా యాక్షేపణ నీళ్లు పోయుటపై కాదు. నిప్పార్పిన పిమ్మట ఊరివారి చందాతో వాని యిల్లు బాగుచేయించి, తాళపుచెవిని మరల వానికే యిచ్చి, కాలిపోయిన గుడిసెలవారితో మీ కర్మము మీరే యనుభవింపుడనుటపై మా యాక్షేపణ. 1992లో స్వీడను దేశమున బ్యాంకులు చెడినపుడు అచ్చటి ప్రభుత్వము వేఱు మార్గము త్రొక్కెను. నష్టము ముందు యజమానులు భరింపవలెననియు, ప్రభుత్వము సొమ్మిచ్చినచో యాజమాన్యమును ప్రభుత్వమునకు రావలెననియు పట్టుపట్టెను. కనుక మార్గాంతరము లేదనుట నిజము కాదు. అమెరికాలో సైతము ఏ.ఐ.జి.లో ఇంచుమించు ఐదింట నాలుగువంతుల వాటాను ప్రభుత్వము పుచ్చుకొనెను. తొమ్మిది బ్యాంకుల కడకు వచ్చుసరికి మాత్రము, ఇచ్చిన ధనమును జనులకు ఋణముగా నీయవలెనను కట్టుబాటైనను విధింపలేదు. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లయ్యెను.

బ్యాంకుల కిచ్చిన సొమ్ము లాభముతో తిరిగివచ్చినది గదా యని మఱికొందఱందురు. వచ్చిన మాట నిజము. మొత్తముమీద బ్యాంకుల కిచ్చినది సుమారు 24,500 కోట్ల డాలర్లు. అంతకు మించియే కోశమునకు చేరినది. దీనిని దాచి వాదించుట మా కిష్టము లేదు. కాని తిరిగిరానిదానిని ఏ ఖాతాలో వ్రాయుదురు? 2009 మార్చిలో ఏ.ఐ.జి.వారు, ఏ విభాగము సంస్థను ముంచెనో ఆ విభాగపు ఉద్యోగులకే 16.5 కోట్ల డాలర్ల బహుమానములు పంచుటకు పూనుకొనిరి. ఆ యేటి అక్టోబరు నాటికి పని కోరువారిలో నూటికి పదిమంది పని లేక తిరిగిరి. ఇండ్లు పోవుచున్నవారి ఋణములను సవరించుటకు పెట్టిన పథకము 30 మొదలు 40 లక్షల కుటుంబములకు మేలు చేయునని చెప్పిరి. ఫలము ఆ సంఖ్యకు ఎంతో దిగువనే నిలిచెను. బ్యాంకు లడిగినదియు వ్యవధియే, గృహస్థు లడిగినదియు వ్యవధియే. మొదటివారికి అది వారములలో దొరకెను. రెండవవారిలో పెక్కుమందికి దొరకనే లేదు. తల్లి బిడ్డలతో, సామానులతో వాకిట నిలిచిన దినమును ఏ వడ్డీ తిరిగి తెచ్చును?

ఇట్టి దెబ్బ మన పెద్దలకు క్రొత్త కాదు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాజధానిలో నుండిన కాలమున, 1906 అక్టోబరులో, మదరాసు నగరమందలి అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసెను. వేలకొలది సంసారుల పొదుపు దానిలో మునిగెను. దాని యధిపతి తెల్లదొరయు, సర్ బిరుదాంకితుడును అయ్యును, న్యాయస్థానమున నేరస్థుడని తేలి కఠినశిక్షకు పాత్రుడయ్యెను. మఱుసటి యేడు మన దేశీయులే పూనుకొని ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. సొమ్ము పోగొట్టుకొన్నవారి దుఃఖము దీనితో తీఱలేదు. ఆ కాలము ఆదర్శకాలమనియు మేమనము. కాని తప్పు చేసిన పెద్దవాడు శిక్షింపబడవలెననియు, చెడిన సంస్థకు బదులు మంచి సంస్థను జనులే నిర్మింపవచ్చుననియు ఆనాడు తెలిసినది. నూఱేండ్లు గడచిన పిమ్మట, అంతకంటె ఎన్నో రెట్లు పెద్దదైన యాపదలో, అమెరికాలోని పెద్ద బ్యాంకుల అధిపతులలో ఒక్కడును చెఱసాల గుమ్మము త్రొక్కలేదు.

అట్లైన వోటరు చేయవలసిన దేమి? ఇద్దఱను తిట్టి ఇంట కూర్చుండినవారిని మేము నిందింపము. కాని వారి మార్గమును మెచ్చము. వోటు వేయనివాని కోపము ఎవ్వరి లెక్కకును రాదు. సెప్టెంబరు 29 నాటి చరిత్రను మరల చూడుడు. ఆనాడు అధ్యక్షుడు, ఇద్దఱభ్యర్థులు, రెండు పక్షముల నాయకులు అందఱు నొక్కటియై కూడ శాసనమును నెగ్గించుకొనలేకపోయిరి. వారిని నిలిపినది వోటుపెట్టె కాదు, సామాన్యుని ఉత్తరము. ఇంత బలము నాలుగు దినములకే ఏల నీరుగారెను? ఆ యుత్తరములలో పెక్కింట వలదను మాటయే కాని, ఇట్లైన సరే యను మాట బలముగా వినబడలేదు. వలదను మాట భయము ముందు ఎక్కువకాలము నిలువదు. షరతు నిలుచును. నష్టము ముందు యజమానులపై పడవలెను. సొమ్ము పుచ్చుకొన్న సంస్థల యధిపతులు పదవి విడువవలెను. బ్యాంకునకు వ్యవధి యిచ్చినచో దాని ఋణస్థునకును వ్యవధి యీయవలెను. లెక్కలు న్యాయస్థానమునకును ప్రజలకును తెఱచియుండవలెను. ఈ నాలుగు మాటలు ఆ యుత్తరములలో నుండినచో, ఇద్దఱభ్యర్థులలో నొక్కడైనను వానిని తన మాటలుగా చేసికొనక తప్పెడిది కాదు. ఎన్నుకొనుటకు భేద మప్పుడు పుట్టెడిది.

ఈ మాట అమెరికావారికి మాత్రమే కాదు. మన వాకిటికి వోటడుగ వచ్చువానిని కులమేమి, పక్షమేమి యని యడుగుటకు ముందు, ఆపద వచ్చిననాడు ఎవరి సొమ్మును ఎవరికి, ఏ షరతుపై ఇచ్చెదవని యడుగవలెను. ఈ ప్రశ్నను మన యింటి స్త్రీలు మఱింత చక్కగా అడుగగలరని మా నమ్మకము. చీటీ పాట పాడినవానికి జామీను చూడనిదే సొమ్మీయని గృహిణి, దేశపు కోశమునకు మాత్రము జామీను వలదని యేల యూరకుండవలెను? ఏ రాయి యైన నేమి యనువాడు రాళ్లనే చూచుచున్నాడు; ఊడునవి తన పండ్లని మఱచుచున్నాడు. ఆ సంగతి జ్ఞప్తికి వచ్చిననాడు వాడు రాయి నెత్తినవాని చేయి పట్టుకొని, ఆగుము, ముందు మాటాడుద మనును. ప్రజాప్రభుత్వమున వోటరునకు గల పని యిదియే. ఎన్నికలనాటితో నది ముగియదు.